రేవా... నడిసంద్రమా?

తుపాను తరుముకొస్తుంటే తెరచాప పడవ ఎక్కడ తలదాచుకోవాలి? ఒడ్డుకు పరుగెత్తడమే సురక్షితమని అందరూ అనుకుంటారు. సముద్రం తెలిసినవాళ్లు మాత్రం ముందు గడియారం చూస్తారు!

'కాకినాడ, విశాఖపట్నం రేవుల్లో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక...' అక్టోబరు, నవంబరు నెలల్లో టీవీలో ఈ మాట వినపడితే మెదక్ పట్టణంలో, చుట్టుపక్కల పల్లెల్లో చాలామందికి వచ్చే ఆలోచన ఒక్కటే- కల్లంలో ఆరబోసిన వడ్లు తడుస్తాయా అని. సముద్రం ఇక్కణ్నుంచి రోడ్డు దారిన నాలుగొందల కిలోమీటర్లకు పైమాటే. రేవులో ఎగరేసే నంబరుతో మనకేం పని అనిపించడం సహజం.

నిజమే, ఆ నంబరు మనకోసం కాదు. ఆ క్షణంలో నీటిమీద ఉన్నవాళ్ల కోసం. వాళ్ల ముందు రెండే దారులుంటాయి. ఒడ్డుకు రావడమా, ఇంకా లోపలికి పోవడమా? పెద్ద పెద్ద ఇంజిన్లున్న ఓడకైతే ఆలోచించుకోవడానికి కాస్త వ్యవధి ఉంటుంది. గాలే ఇంధనమైన తెరచాప పడవకు అదీ ఉండదు. మనిషి నడక కన్నా కాస్త ఎక్కువ, సైకిలు కన్నా తక్కువ... దాని వేగం అంతే.

'ఇందులో ఆలోచించడానికేముంది, ఒడ్డుకే కదా రావాలి' అంటారెవరైనా. అనుభవమున్న నావికులు అంత తొందరగా తల ఊపరు. వాళ్లు మొదట వేసుకునే ప్రశ్న 'ఎక్కడికి' అని కాదు, 'ఎంతలోపు' అని. తుపానుకన్నా ముందు చేరుకోగలిగితేనే అది రేవు. ఆలస్యమైతే అదే రేవు గోడ పడవను పిండి చేస్తుంది.

తలదాచుకునే చోటే లేకపోతే...

తెలుగువాళ్లకు తెరచాప పడవలతో ఏం సంబంధం అనుకోనక్కర్లేదు. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి భారత నౌకాదళానికి చెందిన 'తారిణి' అనే తెరచాప పడవ ప్రపంచాన్ని చుట్టిరావడానికి బయల్దేరింది. పొడవు 55 అడుగులు. అంటే మన ఆర్టీసీ బస్సుకు ఒకటిన్నర రెట్లు. అందులో ఉన్నది ఆరుగురు మహిళా అధికారులు. వర్తికా జోషి నాయకురాలు. మిగతా అయిదుగురిలో ఇద్దరు తెలుగమ్మాయిలు- విశాఖపట్నానికి చెందిన పి.స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య. 254 రోజుల్లో 21,600 నాటికల్ మైళ్లు ప్రయాణించి 2018 మే 21న వాళ్లు తిరిగి గోవా చేరారు. నాటికల్ మైలంటే 1.852 కిలోమీటర్లు. ఆ లెక్కన నలభై వేల కిలోమీటర్లు!

ఈ ప్రయాణంలో అన్నిటికన్నా కష్టమైన భాగం న్యూజిలాండ్‌లోని లిటిల్‌టన్ నుంచి దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్‌ను చుట్టి ఫాక్లాండ్ దీవుల్లోని పోర్ట్ స్టాన్లీ చేరడం. 2017 డిసెంబరులో మొదలైన ఈ దశ 2018 జనవరిలో ముగిసింది. దాదాపు నలభై రోజులు నేల కనిపించని సముద్రం. అక్కడే తుపాను గాలులు చుట్టుముట్టాయి. గంటకు వంద కిలోమీటర్లు దాటిన గాలి, మేడంత అలలు, ఎముకలు కొరికే చలి. దగ్గర్లో రేవు లేదు, దీవి లేదు, సాయానికి పిలిస్తే పలికే ఓడా లేదు.

అలాంటి చోట తలదాచుకోవడమంటే అర్థమే మారిపోతుంది. అక్కడ దాక్కోవడానికి స్థలం ఉండదు. ముందే తెలిసిన సమాచారం ఉంటుంది, సిద్ధంగా ఉంచుకున్న పడవ ఉంటుంది. తెరచాపల్ని గాలి ముదరకముందే కుదించి కట్టాలి. కదిలే ప్రతి వస్తువునూ బిగించాలి. పైకి వెళ్లే ప్రతి మనిషీ నడుముకు తాడు కట్టుకుని పడవకు తగిలించుకోవాలి. తారిణి బృందం ప్రయాణం పొడవునా గాలి, అలల వివరాలు నమోదు చేసి పంపుతూ ఉండేది. వాతావరణ శాఖ అంచనాలకు అవీ పనికొచ్చాయి.

అదే బృందం మరోచోట దీనికి పూర్తిగా భిన్నమైన నిర్ణయం తీసుకుంది. కేప్‌టౌన్ నుంచి ఇంటిదారి పట్టాక హిందూ మహాసముద్రంలో పడవను తిప్పే స్టీరింగ్ వ్యవస్థ దెబ్బతింది. ముందు వేసుకున్న ప్రణాళికలో లేకపోయినా మారిషస్‌లో ఆగి బాగుచేయించుకునే ముందుకు కదిలారు. ఒకచోట రేవు లేక సముద్రంలోనే నిలవాల్సి వచ్చింది. ఇంకోచోట అందుబాటులో ఉన్న రేవును వదులుకోలేదు. సమయానికి ఏది అందుతుందో చూసుకోవడంలోనే ఉంది తెలివంతా.

పరుగుపందెంలో గెలవలేం

లెక్క చాలా సులువు. ఇంట్లో పదో తరగతి పిల్లలు కూడా కాగితం మీద వేసి చూడొచ్చు. మామూలు తెరచాప పడవ గంటకు అయిదు నాటికల్ మైళ్లు, అంటే సుమారు తొమ్మిది కిలోమీటర్లు వెళుతుంది. రాత్రీపగలూ ఆగకుండా పోయినా రోజుకు 220 కిలోమీటర్లు. బంగాళాఖాతంలో పుట్టే తుపాను గంటకు 15 కిలోమీటర్లు కదిలినా రోజుకు 360 కిలోమీటర్లు. కాబట్టి తుపానుకు ఎదురుగా ఉండి, దానికన్నా ముందు పారిపోదామంటే కుదరదు. రెండు రోజుల్లో అది అందుకుంటుంది.

మరేం చేయాలి? దాని దారిలోంచి పక్కకు తప్పుకోవాలి. రైలు పట్టాల మీద నిలబడినవాడు రైలుకు ముందు పరుగెత్తడు కదా, పట్టాలు దిగుతాడు. ఇదీ అంతే. కాకపోతే ఈ రైలుకు పట్టాలు లేవు. రేపు ఎటు తిరుగుతుందో ఎవరూ ఖాయంగా చెప్పలేరు.

అందుకే నావికులు 'ఒకటి-రెండు-మూడు' అనే సూత్రం పాటిస్తారు. తుపాను కేంద్రం 24 గంటల తర్వాత ఫలానాచోట ఉంటుందని అంచనా వేస్తే, దాని చుట్టూ 100 నాటికల్ మైళ్ల తేడా రావచ్చనుకోవాలి. 48 గంటల అంచనాకు 200 మైళ్లు, 72 గంటల అంచనాకు 300 మైళ్లు. దానికి తుపాను గాలులు వీచే వ్యాసార్థం కూడా కలిపి పటం మీద వలయం గీస్తారు. ఆ వలయంలోకి పడవ వెళ్లకూడదు. ఉపగ్రహాలు, కంప్యూటర్లు వచ్చాక అంచనాలు చాలా మెరుగయ్యాయి. అయినా ఈ సూత్రాన్ని వదులుకోలేదు. కారణం ఒక్కటే. అంచనా తప్పితే అంచనా వేసినవాళ్లకు కాదు, నీళ్లమీద ఉన్నవాళ్లకు కదా ప్రమాదం.

మన వాతావరణ శాఖ కూడా మెట్లు మెట్లుగానే చెబుతుంది. తీరంలో వాతావరణం చెడిపోవడానికి 72 గంటల ముందు తుపాను రావచ్చన్న సూచన, 48 గంటల ముందు అప్రమత్తం చేసే ప్రకటన, 24 గంటల ముందు తుపాను హెచ్చరిక. ఇంట్లో ఉన్నవాళ్లకు 24 గంటలంటే చాలా సమయం. తెరచాప పడవకు అది 220 కిలోమీటర్లు మాత్రమే. అందుకే తొలి సూచన వచ్చినప్పుడే, ఆకాశం ఇంకా నీలంగా మెరుస్తున్నప్పుడే నిర్ణయం జరిగిపోవాలి. పక్కవాళ్లు నవ్వినా సరే!

కోరంగి నేర్పిన పాఠం

ఉపగ్రహాలు లేని రోజుల్లో తుపాను ఎక్కడుందో ఎలా తెలిసేది? ఈ ప్రశ్నకు జవాబు వెతికిన కథలో మన తెలుగు తీరానికీ చోటుంది.

కాకినాడకు దగ్గర్లో గోదావరి పాయ ఒడ్డున ఉండే కోరంగి ఒకప్పుడు పేరున్న రేవు. ఇక్కడ ఓడలు కట్టేవారు, దెబ్బతిన్నవాటిని బాగుచేసేవారు. బర్మా వెళ్లిన తెలుగువాళ్లను అక్కడ 'కోరంగీలు' అని పిలిచేవారంటే ఆ రేవు పేరు ఎంతదూరం పాకిందో ఊహించుకోవచ్చు. నది లోపలికి ఉండటంతో ఓడలకు ఇది మంచి ఆశ్రయం. మామూలు గాలివానకు నిశ్చింతగా దాక్కోవచ్చు. కానీ 1789 డిసెంబరులో వచ్చిన తుపానుకు సముద్రం మూడు మహా అలలుగా లేచి ఊరిమీద పడిందని పాత రాతలు చెబుతున్నాయి. సరిగ్గా యాభై ఏళ్లకు, 1839 నవంబరు 25న మరో తుపాను. ఈసారి ఉప్పెన ఎత్తు 40 అడుగులన్నది నాటి లెక్క. రేవులో లంగరేసి ఉన్న ఓడలు ఊళ్లోకి కొట్టుకొచ్చాయి. కోరంగి ఆ తర్వాత పాత వైభవాన్ని మళ్లీ చూడలేదు.

గాలి నుంచి కాపాడిన రేవు నీటి నుంచి కాపాడలేకపోయింది. ఇది ఆనాటి నావికులు ప్రాణాలిచ్చి నేర్చుకున్న పాఠం.

అదేకాలంలో కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన ఉండేవారు. ఒకప్పుడు ఓడ కెప్టెన్. ఒడ్డుకు చేరాక తుపానుల్లో చిక్కిన ఓడల లాగ్ పుస్తకాలన్నీ సేకరించి, ఏ ఓడకు ఏ గంటలో ఏ దిక్కు నుంచి గాలి వీచిందో పక్కపక్కన పెట్టి చూశారు. గాలి నేరుగా రాదు, చుట్ట చుట్టుకున్న పాములా ఒక కేంద్రం చుట్టూ తిరుగుతుందని వివరించారు. పాము చుట్టను సూచించే గ్రీకు మాట నుంచి 1848లో తన పుస్తకంలో 'సైక్లోన్' అనే పేరు పెట్టారు. ఇవాళ ప్రపంచమంతా వాడుతున్న మాట అది. కోరంగి ఉపద్రవం గురించి కూడా ఆయన రాశారు. ఆ పుస్తకంతోపాటు కొమ్ముతో చేసిన పలుచటి పారదర్శక రేకులు ఇచ్చేవారు. వాటిమీద గాలి తిరిగే తీరు వలయాలుగా గీసి ఉండేది. కెప్టెన్ దాన్ని సముద్ర పటం మీద పెట్టి, తన ఓడ దగ్గర వీస్తున్న గాలి దిక్కుతో సరిపోల్చి తుపాను కేంద్రం ఎటుందో చూసుకునేవాడు.

కుడివైపు చూడండి!

ఆ రేకు లేకపోయినా ఈ లెక్కను ఎవరైనా వేయొచ్చు. మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారం ముళ్లకు వ్యతిరేక దిశలో తిరుగుతుంది. కాబట్టి గాలికి ఎదురుగా ముఖం పెట్టి నిలబడితే తుపాను కేంద్రం మీ కుడిచేతి వైపు, కాస్త వెనగ్గా ఉంటుంది. భూమధ్యరేఖకు దక్షిణాన ఇది తలకిందులు.

తర్వాత చూడాల్సింది గాలి దిక్కు ఎటు మారుతోందన్నది. తుపాను ప్రయాణిస్తున్న దిశలో చూస్తే కుడివైపు సగం భయంకరం. అక్కడ సుడిగాలి వేగానికి తుపాను ముందుకు కదిలే వేగం కూడా తోడవుతుంది. పైగా ఆ గాలి పడవను తుపాను దారిలోకే నెడుతుంది. ఎడమవైపు సగం కొంత నయం. అక్కడి గాలి పడవను దారిలోంచి వెనక్కి తోస్తుంది. నిలిచి ఉన్న పడవ దగ్గర గాలి దిక్కు గడియారం ముళ్లలా కుడికి మారుతూ పోతే మనం చెడ్డ సగంలో ఉన్నట్టు. ఎడమకు మారుతుంటే నయమైన సగం. గాలి దిక్కు మారకుండా, వాయుపీడనం మాత్రం పడిపోతూ ఉందా... తుపాను సరాసరి మనమీదికే వస్తోందన్నమాట.

ఈ కుడివైపు ప్రమాదం ఒడ్డున ఉన్నవాళ్లకూ వర్తిస్తుంది. 1977 నవంబరు 19న తుపాను తీరం దాటింది చీరాల దగ్గర. ఉప్పెన మింగేసింది మాత్రం దానికి కుడివైపున ఉన్న దివిసీమను. తుపాను ఎక్కడ తీరం దాటుతుందన్నదే కాదు, మనం దానికి ఏ పక్కన ఉన్నామన్నదీ తెలియాలి.

మంచి రేవుకు నాలుగు పరీక్షలు

సమయం ఉంది, రేవు చేరగలం అనుకుందాం. అప్పుడు ఏ రేవు? సముద్ర పటంలో కనిపించిన ప్రతి వంపూ ఆశ్రయం కాదు.

మొదటి పరీక్ష గాలిది. తుపాను దాటిపోయేలోపు గాలి దిక్కు మారుతుంది. పొద్దున ఈశాన్యం నుంచి వీచిన గాలి రాత్రికి నైరుతి నుంచి వీయొచ్చు. కాబట్టి ఒక పక్క కొండ అడ్డం ఉంటే చాలదు. పొద్దున కాపాడిన చోటే రాత్రికి పడవను ఒడ్డుకేసి కొట్టొచ్చు.

రెండోది నీటిది. పల్లపు తీరాల్లో ఉప్పెన వస్తే అడ్డుగా ఉన్న ఇసుక దిబ్బలూ మునిగిపోతాయి. కాకినాడ తీరానికి హోప్ ఐలాండ్ సహజమైన అడ్డుగోడ. రోజువారీ అలల్ని అది చక్కగా ఆపుతుంది. కానీ ఆ పక్కనే ఉన్న కోరంగి కథ మనకు తెలుసు.

మూడోది అడుగు నేల. లంగరు పట్టు దొరకాలంటే గట్టి బురదో ఇసుకో ఉండాలి. రాతి నేలమీద అది జారిపోతుంది. తాడు లేదా గొలుసు పొడవు నీటి లోతుకు కనీసం అయిదు నుంచి ఏడు రెట్లు ఉండాలి. తుపానప్పుడు ఇంకా ఎక్కువ.

నాలుగోది పొరుగు. మీ పడవను ఎంత బాగా కట్టుకున్నా పక్క పడవ లంగరు జారిందంటే అది వచ్చి మీ మీదే పడుతుంది. కిక్కిరిసిన రేవు తుపాను రాత్రి మంచి చోటు కాదు.

అందుకే దూరప్రయాణాల పడవలవాళ్లు చాలాచోట్ల మడ అడవుల మధ్యనున్న సన్నటి పాయల్ని వెతుక్కుంటారు. తెరచాపలన్నీ విప్పి లోపల దాచి, పడవను నాలుగువైపులా తాళ్లతో చెట్ల మొదళ్లకు కడతారు. వంగుతాయి గానీ విరగని ఆ చెట్లు అలల దెబ్బను మింగేస్తాయి. పడవను కట్టేశాక మనుషులు దిగి గట్టి భవనంలోకి వెళ్లిపోవడమే మంచిది. పడవ పోతే మళ్లీ కొనుక్కోవచ్చు.

పెద్ద ఓడల పద్ధతి ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. తుపాను వస్తోందంటే రేవులు ఓడల్ని బయటికి పంపేస్తాయి. విశాఖలో యుద్ధనౌకలూ లోతు సముద్రంలోకి వెళ్లిపోతాయి. ఓడకు నీళ్లంటే భయం లేదు, నేలంటేనే భయం. లోతున్నచోట అల ఎత్తుగా లేచినా ఓడను ఎత్తి దించుతుంది. ఒడ్డు దగ్గరైతే విరిగి మీద పడుతుంది. 2020 అక్టోబరులో తీవ్ర వాయుగుండం వచ్చినప్పుడు విశాఖ బయట లంగరేసి ఉన్న 'ఎం.వి.మా' అనే బంగ్లాదేశ్ నౌక లంగరు పట్టు తప్పి, తెన్నేటి పార్కు దగ్గరి రాళ్లలోకి కొట్టుకొచ్చింది. అదృష్టవశాత్తూ సిబ్బంది క్షేమంగా బయటపడ్డారు. తర్వాత చాలాకాలం ఆ నౌకను చూడటానికి జనం బారులు తీరారు. తీరానికి దగ్గరగా ఉండటమే క్షేమం కాదనడానికి అంతకన్నా పెద్ద బోర్డు ఏముంటుంది!

తలుపులు మూసుకుపోయాక...

కొన్నిసార్లు లెక్కలన్నీ తప్పుతాయి. రేవు అందదు, పక్కకు తప్పుకునే సమయమూ ఉండదు. అప్పుడు పడవే ఇల్లు.

చిన్న తుపాను తెరచాప మాత్రం ఉంచి, చుక్కానిని ఒకవైపు బిగించి పడవను దాదాపు కదలకుండా నిలబెట్టడం ఒక పద్ధతి. ముందు భాగం నుంచి గొడుగులాంటి గుడ్డను నీటిలోకి వదిలి, పడవ ముక్కు అలలకు ఎదురుగా ఉండేలా చూడటం మరొకటి. ఎదురుగా చాలినంత సముద్రం ఉంటే వెనక నుంచి తాళ్లు ఈడ్చుకుంటూ, వేగం తగ్గించుకుని గాలివాటున పోవడం మూడోది. మూడింటికీ కావాల్సింది ఒక్కటే- చుట్టూ ఖాళీ నీళ్లు. ఒడ్డుకు దగ్గరగా ఇరుక్కున్నవాళ్లకు ఈ మూడూ ఉండవు.

1979 ఆగస్టులో బ్రిటన్, ఐర్లాండ్‌ల మధ్య జరిగిన ఫాస్ట్‌నెట్ పందెంలో 303 పడవలు పాల్గొన్నాయి. అనుకోని పెనుగాలికి పోటీదారుల్లో 15 మంది చనిపోయారు. 24 పడవలవాళ్లు భయంతో పడవల్ని వదిలేశారు. తీరా చూస్తే వాటిలో మునిగినవి అయిదే. మిగతావి ఖాళీగా తేలుతూ దొరికాయి! కొందరు ప్రాణాలు పోగొట్టుకుంది తమను కాపాడతాయని ఎక్కిన రబ్బరు తెప్పల మీద. పడవ పూర్తిగా మునిగిపోతుందని తేలేదాకా దాన్ని వదలొద్దన్న మాట అప్పట్నుంచి మరింత బలపడింది.

మన నౌకాదళ మాజీ అధికారి అభిలాష్ టామీ అనుభవమూ అదే చెబుతుంది. 2018లో ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టే గోల్డెన్ గ్లోబ్ పందెంలో ఉండగా సెప్టెంబరు 21న దక్షిణ హిందూ మహాసముద్రంలో తుపాను ఆయన పడవను బోర్లా తిప్పేసింది. తెరచాప కొయ్యలు విరిగాయి. వెన్నుకు గాయమైంది. కదల్లేని స్థితిలో పడవలోనే ఉండిపోయారు. మూడు రోజులకు ఫ్రెంచి నౌక 'ఓసిరిస్' వచ్చి కాపాడింది. అదే పందెంలో మళ్లీ పాల్గొని 2023లో రెండో స్థానంలో నిలిచారాయన.

ఆ నంబర్ల అర్థం ఇదీ

టీవీలో వినే రేవు హెచ్చరికలు మొత్తం పదకొండు. పగలు స్తంభం మీద శంఖువు, స్తూపం ఆకారపు గుర్తులు ఎగరేస్తారు. రాత్రి ఎరుపు, తెలుపు దీపాలు వెలిగిస్తారు. ఒకటి, రెండు- సముద్రంలో ఎక్కడో దూరంగా ప్రమాదం ఉందని. రేవులోంచి బయల్దేరే ఓడలు ఆలోచించుకోవాలి. మూడు, నాలుగు- రేవుకే గాలివాన ముప్పు ఉందని. అయిదు, ఆరు, ఏడు ప్రమాదం. ఎనిమిది, తొమ్మిది, పది మహా ప్రమాదం. పదకొండోది అన్నిటికన్నా భయపెట్టేది- తుపాను హెచ్చరికల కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని అర్థం!

తెరచాప పడవకు పనికొచ్చే నంబర్లు మొదటి రెండే. నాలుగు దాటాక అది నిర్ణయాలు తీసుకునే సమయం కాదు, తీసుకున్న నిర్ణయంతో బతికే సమయం. 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుపానుకు వెయ్యిమందికి పైగా బలయ్యారు. అందులో వేటకు వెళ్లి సముద్రంలోనే ఉండిపోయిన మత్స్యకారులు ఎందరో. హెచ్చరిక చేరడానికీ, పడవ ఒడ్డుకు చేరడానికీ మధ్య ఉండే గంటల విలువ వాళ్ల కుటుంబాలకు తెలుసు.

మంజీరకూ అదే లెక్క

తెరచాప పట్టాలంటే తీరంలోనే పుట్టాలనేమీ లేదు. హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లో ఏటా వానాకాలంలో సెయిలింగ్ పోటీలు జరుగుతాయి. వానాకాలపు గాలుల్లోనే అక్కడ పిల్లలు తెరచాప దించడం, తిరగబడ్డ పడవను మళ్లీ నిలబెట్టడం నేర్చుకుంటారు. మెదక్ నుంచి వంద కిలోమీటర్ల లోపే.

పడవ ఎక్కనివాళ్లకూ ఈ లెక్క పనికొస్తుంది. బంగాళాఖాతంలో పుట్టిన తుపాను, అల్పపీడనం ఇక్కడికి గాలిగా రాకపోయినా నీరుగా వస్తాయి. 2025 ఆగస్టు చివర్లో మెదక్, కామారెడ్డి జిల్లాల్లో కుండపోత కురిసినప్పుడు వందేళ్ల నాటి పోచారం ప్రాజెక్టు మీదుగా వరద పొంగిపొర్లింది. ఊళ్లకు ఊళ్లకు మధ్య దారులు తెగిపోయాయి. అలాంటి వేళ వాగు దాటి ఇంటికి చేరిపోదామన్న తొందర, తుపానులో రేవుకేసి పరుగెత్తే పడవ తొందర లాంటిదే. ఇల్లు కనిపిస్తూనే ఉంటుంది. మధ్యలో ఉన్న నీళ్లే ప్రమాదం. అప్పుడు క్షేమమైన చోటు ఇల్లు కాదు, ఇవతలి గట్టు.

ఏడుపాయల వనదుర్గమ్మ గుడిలో ఎప్పట్నుంచో పాటిస్తున్న పద్ధతి చూడండి. ఎగువన సింగూరు గేట్లు ఎత్తి మంజీర పొంగుతుందంటే గుడి మూసేస్తారు. ఉత్సవ విగ్రహాన్ని రాజగోపురానికి తెచ్చి పూజలు అక్కడే జరుపుతారు. నీరు తగ్గాక అమ్మవారి దర్శనం మళ్లీ మామూలే. నదితో పోటీపడేదేమీ లేదు. ఎగువ నుంచి కబురు వచ్చిన గంటకూ, నీరు గర్భగుడిని తాకే గంటకూ మధ్య ఉన్న సమయాన్ని సరిగ్గా వాడుకోవడమే.

వచ్చే వానాకాలంలో వాగు దగ్గర ఆగాలా దాటాలా అన్న సందేహం వస్తే, నీళ్లు మోకాలిదాకా వచ్చాయా లేదా అని చూడకండి. ఎగువన వాన ఎప్పుడు మొదలైందో అడగండి. నావికుడు ఆకాశం నీలంగా ఉన్నప్పుడే చూసుకునే లెక్క అదే.